గ్రిడ్, స్నాప్: క్యాడ్ డ్రాయింగ్‌లో మిల్లీమీటరు తేడా రాకుండా గీయడం ఎలా

క్యాడ్ (కంప్యూటర్‌లో కొలతలతో డ్రాయింగ్ గీసే పద్ధతి) నేర్చుకున్న కొత్తలో ఒక గోడ పొడవునా వరుసగా మూడు కొలతలు వేశాను: 1200, 900, 1200. కింద మొత్తం కొలత వేస్తే 3301 వచ్చింది. మూడూ కూడితే 3300 కదా, ఆ ఒక్క మిల్లీమీటరు ఎక్కడి నుంచి వచ్చిందో చాలాసేపు అర్థం కాలేదు. డైమెన్షన్ ప్రెసిషన్‌ను నాలుగు దశాంశాలకు పెంచి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆ మూడు ముక్కలూ నిజానికి 1200.4, 900.4, 1200.4 ఉన్నాయి. ప్రెసిషన్ సున్నా కావడంతో విడివిడిగా చూసినప్పుడు ఆ 0.4 కనిపించలేదు. మూడూ కలిసేసరికి 1.2 అయి మొత్తంలో బయటికొచ్చింది. గీతల చివరలను నేను కంటితో చూసి, మౌస్‌తో క్లిక్ చేసి కలిపాను. స్క్రీన్ మీద అవి కలిసే ఉన్నాయి. డ్రాయింగ్‌లో మాత్రం కలవలేదు.

గీత స్క్రీన్ మీద ఎంత చక్కగా కనిపించినా, ఫైల్‌లో దాచుకునేది దాని రెండు చివరల అంకెలనే. ఆ అంకెలు మీరు అనుకున్నవే అయ్యేలా చూడటమే గ్రిడ్, స్నాప్ టూల్స్ పని. వాటిని ఎలా పెట్టుకోవాలో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వదిలేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. కీలు, కమాండ్లు ఆటోక్యాడ్‌వి. లిబ్రెక్యాడ్, క్యూక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో బటన్లు వేరే చోట ఉంటాయి కానీ పద్ధతి ఇదే. ఇక్కడ తెలుగులో రాసిన కమాండ్ పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ వదలకుండా టైప్ చేయాలి. స్పేస్ నొక్కితే ఆటోక్యాడ్ దాన్ని ఎంటర్ కిందే లెక్కేస్తుంది.

ముందుగా యూనిట్లు

యూనిట్స్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. లెంగ్త్ టైప్‌ను డెసిమల్‌గా, ప్రెసిషన్‌ను కనీసం మూడు దశాంశాల వరకు ఉంచండి. ఇది అంకెలు మీకు ఎలా కనిపించాలో మాత్రమే నిర్ణయిస్తుంది, లోపల దాచిన విలువను మార్చదు. అందుకే గీసేటప్పుడు ప్రెసిషన్ ఎక్కువగా ఉండటం మంచిది, తప్పు వెంటనే కంటబడుతుంది. డైమెన్షన్లలో అన్ని దశాంశాలు కనిపించకూడదనుకుంటే దాన్ని డైమెన్షన్ స్టైల్‌లో విడిగా మార్చుకోవచ్చు.

ఒక యూనిట్ అంటే ఒక మిల్లీమీటరా, ఒక మీటరా అన్నది ఈ దశలోనే తేల్చుకోండి. మిల్లీమీటర్లని ఈ వ్యాసమంతా అనుకుందాం.

గ్రిడ్ పెట్టుకోవడం

గ్రిడ్ అంటే గ్రాఫ్ పేపర్ మీద గళ్ల లాంటిది. కనిపిస్తుంది అంతే, ప్రింట్‌లో రాదు, కర్సర్‌ను ఎక్కడా ఆపదు. ఎఫ్7 నొక్కితే కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది.

గళ్ల సైజు మార్చడానికి డీఎస్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. డ్రాఫ్టింగ్ సెట్టింగ్స్ డబ్బా తెరుచుకుంటుంది. అందులో మొదటి ట్యాబే స్నాప్ అండ్ గ్రిడ్. ఎడమవైపు స్నాప్ సంగతులు, కుడివైపు గ్రిడ్ సంగతులు ఉంటాయి. కుడివైపు గ్రిడ్ ఎక్స్ స్పేసింగ్, వై స్పేసింగ్ రెండింటిలో 10 ఇవ్వండి. దాని కింద మేజర్ లైన్ ఎవ్రీ అని ఉంటుంది, మామూలుగా 5 ఉంటుంది. అంటే ప్రతి అయిదో గీత కాస్త ముదురుగా కనిపిస్తుంది. 10 గళ్లకు ముదురు గీతలు 50కి ఒకటి చొప్పున వస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది ఇందులో పడతారు. అడాప్టివ్ గ్రిడ్ అనే పెట్టెలో టిక్ ఉంటే, మీరు జూమ్ అవుట్ చేసే కొద్దీ ఆటోక్యాడ్ చిన్న గీతలను తీసేసి పెద్దవే చూపిస్తుంది. గళ్లు మరీ ఇరుకై స్క్రీన్ నిండిపోకుండా అది చేసే సాయం ఇది. కానీ అప్పటిదాకా 10కి ఒకటిగా ఉన్న గీతలు ఒక్కసారిగా 50కి ఒకటి అవుతాయి. మీరు మాత్రం ఇంకా ఒక గడి అంటే 10 అనే లెక్కలో ఉంటే, 30 గీయాల్సిన చోట 150 గీసేస్తారు. కాబట్టి గళ్లను లెక్కపెట్టి కొలవకండి. కర్సర్ పక్కన కనిపించే అంకెను చూడండి. ఆ అంకె కనిపించాలంటే ఎఫ్12 నొక్కి డైనమిక్ ఇన్‌పుట్ ఆన్ చేసుకోవాలి.

గ్రిడ్ డ్రాయింగ్‌లో ఒక మూలకే పరిమితమై కనిపిస్తే కంగారు పడకండి. డిస్‌ప్లే గ్రిడ్ బియాండ్ లిమిట్స్ అనే పెట్టెలో టిక్ లేకపోతే అలాగే ఉంటుంది. ఆ టిక్ పెడితే గ్రిడ్ అంతటా పరుచుకుంటుంది.

స్నాప్ పెట్టుకోవడం

కర్సర్‌ను ఆపేది స్నాప్. ఎఫ్9తో ఆన్, ఆఫ్ అవుతుంది. అదే డబ్బాలో ఎడమవైపు స్నాప్ ఎక్స్ స్పేసింగ్, వై స్పేసింగ్‌లలో 5 ఇవ్వండి. స్నాప్ టైప్ గ్రిడ్ స్నాప్ అనీ, దాని కింద రెక్టాంగులర్ అనీ ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు ఎల్ కొట్టి లైన్ కమాండ్ మొదలుపెట్టి మౌస్ కదిపితే కర్సర్ జారదు, అయిదేసి యూనిట్లు గెంతుతూ పోతుంది.

పాత వెర్షన్లలో స్నాప్ ఆన్ చేయగానే కర్సర్ ఎప్పుడూ గెంతుతూనే ఉండేది, చిన్న గీతను సెలెక్ట్ చేయడమే కష్టమయ్యేది. కొత్త వెర్షన్లలో పాయింట్ అడిగినప్పుడు మాత్రమే గెంతుతుంది. అందుకే ఎఫ్9 నొక్కి, కమాండ్ ఏదీ ఇవ్వకుండా మౌస్ కదిపి చూసి స్నాప్ పనిచేయడం లేదనుకోకండి.

గ్రిడ్, స్నాప్ రెండూ వేర్వేరు. గ్రిడ్ 10 ఉండి స్నాప్ 5 ఉంటే గీతల మీదా, గీతల మధ్యలోనూ కర్సర్ ఆగుతుంది. నాకు అలవాటైన పద్ధతి అదే, స్నాప్ గ్రిడ్‌లో సగం. గ్రిడ్ స్పేసింగ్‌లో సున్నా ఇస్తే గ్రిడ్ దానంతటదే స్నాప్ స్పేసింగ్‌ను తీసుకుంటుంది. కొందరికి అదే సులువుగా ఉంటుంది. స్నాప్ 7, గ్రిడ్ 10 లాంటి పొంతన లేని అంకెలు మాత్రం పెట్టుకోకండి. కంటికి కనిపించే గీత ఒకచోట, కర్సర్ ఆగేది ఇంకోచోట అయి అయోమయంలో పడతారు.

మరి ఎంత పెట్టాలి? మీ డ్రాయింగ్‌లోని కొలతల జాబితా ఒకసారి చూడండి. అన్నింటినీ శేషం లేకుండా భాగించే పెద్ద అంకే మీ స్నాప్. 120, 80, 15, 45 కొలతలు ఉంటే 5 సరిపోతుంది. వాటి మధ్యలో ఒక్క 37.5 వచ్చినా 2.5కి దిగాలి. 12.7, 33.4 లాంటివి నాలుగు వచ్చాయంటే ఆ డ్రాయింగ్‌కు గ్రిడ్ స్నాప్ పనికిరాదు, వదిలేయండి. స్నాప్‌ను 0.1కి తగ్గించి సర్దుకుందామని చూసేవాళ్లు ఉంటారు. అది స్నాప్ లేకపోవడం కంటే ఘోరం, ఎందుకంటే స్క్రీన్ మీద కర్సర్ ఒక్క పిక్సెల్ కదిలితేనే నాలుగైదు స్నాప్ పాయింట్లు దాటిపోతాయి. మీరు క్లిక్ చేసింది 33.4 మీదో 33.9 మీదో మీకే తెలియదు, పైగా స్నాప్ ఆన్‌లో ఉంది కదా అన్న ధీమా ఒకటి.

స్నాప్ మీకు ఇచ్చేది గుండ్రని అంకె. సరైన అంకె ఇవ్వడం దాని పని కాదు. 45 దగ్గర క్లిక్ చేయాల్సింది 50 దగ్గర చేస్తే స్నాప్ మిమ్మల్ని ఆపదు. ఆ అంకెను చదవాల్సింది మీరే.

ఒక ప్లేటు గీసి చూద్దాం

120 × 80 ప్లేటు. నాలుగు మూలల్లో 10 వ్యాసం ఉన్న రంధ్రాలు, వాటి సెంటర్లు అంచుల నుంచి 15 దూరంలో. మధ్యలో 30 వ్యాసం ఉన్న పెద్ద రంధ్రం. గ్రిడ్ 10, స్నాప్ 5, రెండూ ఆన్. ప్రస్తుతానికి ఎఫ్3 నొక్కి ఆబ్జెక్ట్ స్నాప్‌ను (ముందే గీసిన గీతల చివరలు, మధ్యలు లాంటి పాయింట్లను పట్టుకునే స్నాప్) ఆఫ్ చేయండి. రెండూ కలిస్తే ఏమవుతుందో తర్వాత చూద్దాం.

ఆర్‌ఈసీ కొట్టి ఎంటర్ నొక్కండి. మొదటి మూలకు 0,0 అని టైప్ చేయండి. ఇప్పుడు కర్సర్‌ను కుడి పైకి తీసుకెళ్లండి. ముదురు గీతలు రెండు దాటితే 100, ఆపైన రెండు చిన్న గళ్లు, అంటే 120. పైకి ఒక ముదురు గీత, మూడు చిన్న గళ్లు, అంటే 80. క్లిక్ చేసే ముందు కిందనున్న స్టేటస్ బార్‌లో 120.000, 80.000 అని ఉందో లేదో చూడండి. అక్కడ అంకెలు కనిపించకపోతే స్టేటస్ బార్ కుడి చివరనున్న మూడు గీతల గుర్తు నొక్కి కోఆర్డినేట్స్‌కు టిక్ పెట్టండి. అప్పుడు క్లిక్ చేయండి.

రంధ్రానికి సీ కొట్టండి. ఎడమ కింది మూల నుంచి కుడికి ఒక గడీ ఇంకో సగం, పైకి ఒక గడీ ఇంకో సగం. కర్సర్ నాలుగు గీతల నడిమధ్యలో, గడి మధ్యలో ఆగుతుంది. అంకె 15, 15 అని చూపిస్తుంది. క్లిక్ చేసి, రేడియస్ అడిగినప్పుడు 5 టైప్ చేసి ఎంటర్ కొట్టండి. రేడియస్‌ను కూడా మౌస్‌తో ఇవ్వచ్చు, కానీ అంకె తెలిసినప్పుడు టైప్ చేయడమే మేలు.

మిగతా మూడు రంధ్రాలకు సీఓ కొట్టి, సర్కిల్‌ను సెలెక్ట్ చేసి, బేస్ పాయింట్‌గా 15, 15 మీద క్లిక్ చేయండి. తర్వాత 105, 15 మీద, 105, 65 మీద, 15, 65 మీద ఒక్కో క్లిక్. పెద్ద రంధ్రం సెంటర్ 60, 40 దగ్గర, రేడియస్ 15. మొత్తం రెండు నిమిషాల పని, ప్రతి పాయింటూ కచ్చితం.

ఇప్పుడు డిజైన్ మారిందనుకుందాం. ఎడమ కింది రంధ్రం అంచుల నుంచి 15 కాదు, 12.7 దూరంలో ఉండాలి. స్నాప్‌ను ముట్టుకోకండి. పాత సర్కిల్ చెరిపేసి, ఎఫ్3తో ఆబ్జెక్ట్ స్నాప్ ఆన్ చేసి, సీ కొట్టండి. సెంటర్ అడిగినప్పుడు ఫ్రమ్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఎక్కడి నుంచి అని అడుగుతుంది, ప్లేటు మూల దగ్గరకు వెళ్లి ఎండ్‌పాయింట్ గుర్తు చతురస్రంలా వెలగగానే క్లిక్ చేయండి. ఆపైన @12.7,12.7 ఎంటర్. సెంటర్ సరిగ్గా అక్కడ పడుతుంది. ముందున్న @ గుర్తు మరిచిపోకండి. అది లేకపోతే మూల నుంచి కాక డ్రాయింగ్ మొదలు నుంచి లెక్కేస్తుంది. మన ప్లేటు మూల 0,0 మీదే ఉంది కాబట్టి ఇప్పుడు తేడా తెలియదు, ప్లేటు వేరే చోట ఉన్న రోజున తెలుస్తుంది. ఈ ఒక్క ఫ్రమ్ తెలియక మూల నుంచి రెండు సాయపు గీతలు గీసి, అవి కలిసిన చోట సర్కిల్ పెట్టి, మళ్లీ ఆ గీతలు చెరిపేవాళ్లను చాలామందిని చూశాను.

ఆబ్జెక్ట్ స్నాప్

మొదటి నాలుగు గీతలకు గ్రిడ్ స్నాప్ ఎంతో సాయం చేస్తుంది. తర్వాత గీసే ప్రతి గీతా ముందు గీసినదాన్నే పట్టుకొని మొదలవుతుంది కాబట్టి అసలు పని ఆబ్జెక్ట్ స్నాప్‌దే. ఇది క్యాడ్ పుట్టుకతో వచ్చిన ఆలోచన. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే లైట్ పెన్ ఒక గీత దగ్గరికి వస్తే, చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా పాయింట్ ఆ గీత మీదే పడేది.

ఓఎస్ కొడితే ఆబ్జెక్ట్ స్నాప్ ట్యాబ్ తెరుచుకుంటుంది. అన్నింటికీ టిక్ పెట్టాలని చేతులు లాగుతాయి, పెట్టకండి. ఎండ్‌పాయింట్, మిడ్‌పాయింట్, సెంటర్, ఇంటర్‌సెక్షన్, పర్పెండిక్యులర్, ఈ అయిదూ చాలు. గుండ్రటి భాగాలు ఎక్కువుంటే క్వాడ్రంట్ కలపండి. టాంజెంట్ లాంటివి కావాల్సినప్పుడు షిఫ్ట్ పట్టుకొని రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో ఎంచుకోండి, లేదా మొదటి మూడు అక్షరాలు టైప్ చేయండి. అలా ఇచ్చినది ఆ ఒక్క క్లిక్‌కే వర్తిస్తుంది.

నియరెస్ట్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచకండి. గీత మీద ఎక్కడైనా సరే పట్టుకోవడం దాని పని. ఎండ్‌పాయింట్ పట్టుకుందని మీరు అనుకుంటారు, అది చివరకు 0.3 ముందే పట్టుకుని ఉంటుంది. నా గోడలో వచ్చిన 0.4 లాంటివి చాలావరకు ఇలా పుడతాయి. అందుకే క్లిక్ చేసే ముందు వెలిగే గుర్తును చూడటం అలవాటు చేసుకోండి. చతురస్రం ఎండ్‌పాయింట్, త్రిభుజం మిడ్‌పాయింట్, చిన్న సున్నా సెంటర్, ఇంటూ గుర్తు ఇంటర్‌సెక్షన్. ఇసుక గడియారంలా కనిపిస్తే అది నియరెస్ట్. ఒకే చోట రెండు మూడు పాయింట్లు కిక్కిరిసి ఉంటే ట్యాబ్ కీ నొక్కుతూ పోండి, ఒక్కొక్కటిగా మారుతుంది. కావాల్సింది వెలిగినప్పుడు క్లిక్ చేయండి.

ఎవరి మాట చెల్లుతుంది

గ్రిడ్ స్నాప్, ఆబ్జెక్ట్ స్నాప్, ఆర్థో, టైప్ చేసిన అంకె, ఇన్ని ఉన్నప్పుడు పాయింట్ చివరికి ఎక్కడ పడుతుంది? ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

కీబోర్డు మీద టైప్ చేసిన కోఆర్డినేట్లదే పైచేయి. స్నాప్ 5 ఉన్నా మీరు 12.7,33.4 అని కొడితే పాయింట్ అక్కడే పడుతుంది. ఆ తర్వాత ఆబ్జెక్ట్ స్నాప్. గుర్తు వెలిగిందంటే గ్రిడ్ స్నాప్ పక్కకు తప్పుకుంటుంది. గుర్తు ఏదీ వెలగనప్పుడు మాత్రమే గ్రిడ్ స్నాప్ మాట చెల్లుతుంది.

దీన్నుంచి మంచీ చెడూ రెండూ వస్తాయి. మంచి ఏమిటంటే, గ్రిడ్ తప్పిన వస్తువును తిరిగి గ్రిడ్ మీదికి తేవచ్చు. ఒక గుమ్మం బ్లాక్ (ఒకే వస్తువుగా కట్టగట్టిన గీతలు) మూల 347.62, 118.05 దగ్గర పడిందనుకోండి. ఎం కొట్టి దాన్ని సెలెక్ట్ చేసి, బేస్ పాయింట్‌గా ఎండ్‌పాయింట్ గుర్తుతో ఆ మూలనే పట్టుకోండి. రెండో పాయింట్‌కు ఖాళీ చోట గ్రిడ్ స్నాప్ మీద క్లిక్ చేయండి. మూల సరిగ్గా 350, 120 మీద కూర్చుంటుంది. అదే బేస్ పాయింట్‌ను కూడా ఖాళీ చోట గ్రిడ్ మీదే పట్టుకుంటే ఆ బ్లాక్ అయిదేసి యూనిట్లు కదులుతుంది కానీ దాని 2.62, 3.05 తేడాలు దాంతోపాటే వస్తాయి. స్నాప్ ఆన్‌లోనే ఉంది కదా, ఎందుకు కుదరలేదని అడిగేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే.

చెడు ఆర్థో దగ్గర కనిపిస్తుంది. ఎఫ్8తో ఆర్థో ఆన్ చేస్తే గీత అడ్డంగానో నిలువుగానో మాత్రమే వస్తుందని నమ్ముతాం. కానీ రెండో చివర దగ్గర ఆబ్జెక్ట్ స్నాప్ గుర్తు వెలిగితే ఆర్థో తప్పుకుంటుంది. ఆ ఎండ్‌పాయింట్ ఎత్తులో అర మిల్లీమీటరు తేడా ఉంటే గీత అంత వాలుతుంది, 3000 పొడవు గీతలో ఆ వాలు కంటికి ఆనదు. ఇలాంటి చోట ఆబ్జెక్ట్ స్నాప్ ట్రాకింగ్ వాడాలి. ఎఫ్11 నొక్కి ఆన్ చేయండి. గీత మొదలుపెట్టాక, ఏ మూలకు ఎదురుగా ఆగాలో ఆ మూల మీద కర్సర్‌ను క్షణం ఆపండి, క్లిక్ చేయకండి. చిన్న ప్లస్ గుర్తు పడుతుంది. ఇప్పుడు వెనక్కి వచ్చి మీ గీత దారిలో కదిలితే, ఆ మూల నుంచి వచ్చే చుక్కల గీత మీ గీతను ఖండించే చోట కర్సర్ ఆగుతుంది. అక్కడ క్లిక్ చేస్తే గీత నిక్కచ్చిగా అడ్డంగానే ఉంటుంది, మూలకు సరిగ్గా ఎదురుగానూ ఆగుతుంది.

టైప్ చేసే పద్ధతి గురించీ ఒక మాట. డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉంటే రెండో పాయింట్‌కు మీరు కొట్టే కోఆర్డినేట్లను ముందు పాయింట్ నుంచి దూరాలుగా తీసుకుంటుంది. ఆఫ్‌లో ఉంటే డ్రాయింగ్ మొదలు నుంచి లెక్కేస్తుంది. ఆన్‌లో ఉన్నప్పుడు మొదలు నుంచి కావాలంటే ముందు # పెట్టాలి. పక్కవాళ్ల కంప్యూటర్‌లో కూర్చున్నప్పుడు గీత ఎక్కడికో ఎగిరిపోయిందంటే ముందు ఎఫ్12 సంగతి చూడండి.

వాలు గీతలు, పోలార్

30, 45 డిగ్రీల గీతలకు డీఎస్ డబ్బాలోని పోలార్ ట్రాకింగ్ ట్యాబ్‌లో ఇంక్రిమెంట్ యాంగిల్ 15 పెట్టి, ఎఫ్10తో పోలార్ ఆన్ చేయండి. అది ఆన్ చేయగానే ఆర్థో ఆఫ్ అవుతుంది, రెండూ ఒకేసారి ఉండవు. కర్సర్ ఆ కోణానికి రాగానే చుక్కల గీత కనిపిస్తుంది, అప్పుడు పొడవు టైప్ చేసి ఎంటర్ కొట్టడమే. ఆ వాలు మీద కూడా మౌస్ 10 చొప్పున గెంతాలంటే డీఎస్ డబ్బాలో స్నాప్ టైప్‌ను పోలార్ స్నాప్‌కు మార్చి, పోలార్ డిస్టెన్స్ 10 ఇవ్వండి. అప్పుడు గెంతులు గ్రిడ్ మీద కాకుండా మీ ముందు పాయింట్ నుంచి లెక్క మొదలవుతాయి. పని అయ్యాక తిరిగి గ్రిడ్ స్నాప్‌కు మార్చడం మరవకండి.

గ్రిడ్‌ను మీ వస్తువు దగ్గరకు తెచ్చుకోవడం

ఎవరో పంపిన డ్రాయింగ్‌లో ఒక గది మూల 12483.7, 9046.2 దగ్గర ఉంది. ఆ గదిలో మీరు 300 మిల్లీమీటర్ల టైల్స్ వేయాలి. గ్రిడ్ 0,0 నుంచి లెక్క కాబట్టి గది మూలతో కలవదు. గదిని కదిపితే మిగతా డ్రాయింగ్ చెడిపోతుంది. దానికి బదులు స్నాప్‌బేస్ అని కొట్టి, ఎండ్‌పాయింట్‌తో గది మూల మీద క్లిక్ చేయండి. గ్రిడ్, స్నాప్ రెండూ ఆ మూల నుంచి మొదలవుతాయి. స్నాప్ 300 చేసుకుంటే ప్రతి గెంతూ ఒక టైల్. పని ముగిశాక మళ్లీ స్నాప్‌బేస్ కొట్టి 0,0 ఇచ్చేయండి.

గది వంకరగా, 17 డిగ్రీల వాలులో ఉంటే యూసీఎస్ (డ్రాయింగ్‌లో ఎక్స్, వై దిశలను మనకు కావాల్సినట్టు పెట్టుకునే వ్యవస్థ) తిప్పడమే సరైన దారి. యూసీఎస్ కొట్టి, మూల మీద ఒక క్లిక్, అడ్డగోడ వెంట రెండో క్లిక్, ఎంటర్. గ్రిడ్, స్నాప్, ఆర్థో అన్నీ గోడ వెంట తిరుగుతాయి. తిరిగి మామూలుకు రావడానికి యూసీఎస్ కొట్టి డబ్ల్యూ, ఎంటర్.

ఐసోమెట్రిక్ బొమ్మకు (వస్తువు మూడు ముఖాలూ ఒకేసారి కనిపించేలా గీసేది) స్నాప్ టైప్‌లో రెక్టాంగులర్ బదులు ఐసోమెట్రిక్ ఎంచుకోండి. వై స్పేసింగ్ ఒక్కటే ఇస్తే చాలు. ఎఫ్5 నొక్కుతూ ఉంటే కర్సర్ పై తలం, కుడి తలం, ఎడమ తలం మధ్య మారుతుంది. ఇందులో సర్కిల్ కమాండ్ వాడకూడదు. ఈఎల్ కొట్టి ఐసోసర్కిల్ అనే ఆప్షన్ ఎంచుకోవాలి, ఐసోమెట్రిక్ స్నాప్ ఉన్నప్పుడు మాత్రమే అది కనిపిస్తుంది.

సెట్టింగ్‌లు ఎక్కడ దాగుతాయి

గ్రిడ్, స్నాప్ అంకెలు డ్రాయింగ్ ఫైల్‌లోనే సేవ్ అవుతాయి. ఆబ్జెక్ట్ స్నాప్ ఎంపికలు మీ కంప్యూటర్‌లో సేవ్ అవుతాయి. వేరేవాళ్ల ఫైల్ తెరిచినప్పుడు వాళ్ల స్నాప్ వస్తుంది, మీ ఆబ్జెక్ట్ స్నాప్‌లు అలాగే ఉంటాయి. కాబట్టి ఏ ఫైల్ తెరిచినా ఒకసారి డీఎస్ కొట్టి స్నాప్ అంకె చూడండి. మీరు తరచూ చేసే పనికి తగ్గ యూనిట్లు, గ్రిడ్, స్నాప్ పెట్టి, సేవ్ యాజ్‌లో టెంప్లేట్ రకంగా దాచుకోండి. కొత్త డ్రాయింగ్‌ను ప్రతిసారీ దానితోనే మొదలుపెట్టండి.

పంపే ముందు సరిచూడటం

ఎంత జాగ్రత్తగా గీసినా ఈ పని మానకండి. మొదట డైమెన్షన్ ప్రెసిషన్‌ను తాత్కాలికంగా మూడు, నాలుగు దశాంశాలకు పెంచండి. 1200.0000 అని ఉండాల్సిన చోట 1200.3871 కనిపిస్తే ఆ గీత చివరను ఎక్కడో కంటితో కలిపారని అర్థం. ఆ అంకె మీద కొత్త అంకె టైప్ చేసి కప్పేయకండి. డైమెన్షన్ టెక్స్ట్ మారుతుంది కానీ గీత మారదు, ఆ డ్రాయింగ్ నుంచి నేరుగా కోత కోసే మెషిన్ గీతనే చదువుతుంది.

మూలలు కలవకపోతే ఎఫ్ కొట్టి ఫిల్లెట్‌లోకి వెళ్లి, మొదటి గీతను క్లిక్ చేసి, షిఫ్ట్ పట్టుకొని రెండో గీతను క్లిక్ చేయండి. సున్నా రేడియస్‌తో మూల కచ్చితంగా మూసుకుంటుంది. హ్యాచ్ (మూసిన ఆకారాన్ని గీతలతో నింపే కమాండ్) పట్టనంటే చాలామంది గ్యాప్ టాలరెన్స్ (ఎంత సందు వరకు పట్టించుకోకూడదో చెప్పే అంకె) పెంచి నింపేస్తారు. నేను అది సున్నాలోనే ఉంచుతాను. హ్యాచ్ పట్టడం లేదంటే అక్కడ సందు ఉందని డ్రాయింగ్ చెబుతున్నట్టే, ఆ సందును వెతికి మూయాలి.

ఆపైన డీఐ కొట్టి రెండు మూలల మధ్య దూరం చూడండి. డెల్టా ఎక్స్, డెల్టా వై, డెల్టా జెడ్ విడివిడిగా వస్తాయి. అడ్డగీతకు డెల్టా వై సున్నా ఉండాలి. 2డీ డ్రాయింగ్‌లో డెల్టా జెడ్ సున్నా కాకపోతే, ఏదో గీత గాలిలో వేలాడుతోందని అర్థం. పైనుంచి చూస్తే అన్నీ కలిసే కనిపిస్తాయి, ఎండ్‌పాయింట్ మాత్రం ఆ ఎత్తునూ పట్టుకుని మీ కొత్త గీతను వాలుగా లేపుతుంది. ఇలాంటి ఫైల్‌లో పని మొదలుపెట్టే ముందే ఓస్నాప్‌జెడ్ కొట్టి 1 ఇవ్వండి. అప్పటి నుంచి మీరు పట్టుకునే ప్రతి పాయింటూ మీరున్న తలం మీదికే దిగుతుంది. అంతకుముందే గాలిలో ఉన్న గీతలను మాత్రం సెలెక్ట్ చేసి, ప్రాపర్టీస్‌లో స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్ రెండూ సున్నా చేయాలి.

చివరగా ఓవర్‌కిల్ కొట్టి డ్రాయింగ్ మొత్తం సెలెక్ట్ చేయండి. ఒకదానిమీద ఒకటి పడిన గీతలను తీసేస్తుంది. ఆ డబ్బాలో టాలరెన్స్ చాలా చిన్నదిగా ఉంచండి, పెంచితే దగ్గరదగ్గరగా ఉన్న రెండు వేర్వేరు గీతల్లో ఒకటి పోవచ్చు. ఎన్ని గీతలు తీసేసిందో కమాండ్ లైన్‌లో చెబుతుంది. ఆ అంకె పెద్దదిగా వస్తే అన్‌డూ చేసి, తీసేసినవి ఎక్కడివో చూసుకున్నాకే ఫైల్ సేవ్ చేయండి.